పెద్దోడి కారు

అన్నా,

నువ్వు పోయి ఈ పొద్దుటికి ఏడాది. నువ్వు సగంలో వదిలేసిన రేసు కారు ఇప్పుడు పరిగెత్తుతాండాది. ఇంజన్ నీదే. కానీ నువ్వేసిన ఆక్సిల్ గేర్లతో అది ముక్కుతా కదిలేది. మొదట్లోనే ఊపందుకునే గేర్లు నేను ఎంచినా. ఇంజన్ బాగా లేచినాకనే చక్రాలకు బలమిచ్చే టార్క్ కన్వర్టర్ నేనే చూసి బిగించినా.

పొద్దున నాయినను పక్కన కూర్చోబెట్టుకోని రాయచోటి రోడ్డులో తొక్కినా. కారు ఒక్కసారిగా దూకింది. నువ్వు పోయినాక మొదటిసారి ఆయన నవ్వినాడు.

"శానా బాగా చేసినాడప్పా పెద్దోడు," అన్నాడు.

కడుపు మండిపోయింది అన్నా. పోయి కూడా ఆయన కాడ నువ్వే ముందు. "గేర్లు నేనేసినా నాయినా" అనే మాట నోటిదాకా వచ్చింది. ఆయన ఇంకా నవ్వుతానే ఉండాడు.

"అవు నాయినా, అంతా అన్నే చేసినాడు," అని ఇంకోసారి గట్టిగా తొక్కినా.