రెండో గడిలో టిక్కు

పదకొండో తేదీ, మంగళవారం
ప్రెస్ సెక్షన్, భోజనాల వేళ

చిరకాల మిత్రుడు పొడుగుకి, పొట్టి ప్రేమతో రాస్తున్నది.

ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ నువ్వూ చెల్లెమ్మా క్షేమమేనా? ఆసుపత్రి మంచం పక్కన కూర్చున్నవాణ్ణి అలా అడగకూడదని తెలుసు. కానీ ఉత్తరమన్నాక అడగకుండా ఉండలేను కదా. చెల్లెమ్మ రెండు ముద్దలు తిన్నదని రాశావు, సంతోషించాను.

మందుల చీటీ వెనకాల నువ్వు రాసిన ఉత్తరం శనివారం అందింది. ఇన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తవేమిట్రా అని మొదటి వాక్యంలోనే తిట్టావు. ఫోన్‌లో నీ గొంతు వింటే నేను మెత్తబడిపోతాను. మెత్తబడితే నా ఉద్యోగం ఊడుతుంది. అందుకే ఎత్తలేదు.

ముందు మన సెక్షన్ సంగతులు చెబుతాను. మూడో ప్రెస్ మళ్లీ మొండికేసింది. కొత్త చేతి తొడుగులు రెండు రోజులకే చిరిగిపోతున్నాయి, రేకు అంచు తగిలి అందరి వేళ్లకీ పట్టీలే. నీ ప్రెస్ మీద కొత్తవాణ్ణి పెట్టాం. రోజుకి నీకన్నా నలభై డబ్బా మూతలు ఎక్కువ కొడుతున్నాడు. నిన్ను ఉడికించడానికి కాదురా, ఉన్నమాట చెబుతున్నాను.

ఇక అసలు విషయం. మీరిద్దరూ సంతకాలు పెట్టి పంపిన ఫిర్యాదు ఆఫీసుకి చేరింది. శుక్రవారం విచారణ. ఆ రోజు నేను మేనేజరు గదిలోకి వెళ్లి, బీమా ఫారం మీద సంతకం నీది కాదు, నేనే పెట్టాను అని చెప్పాలంటున్నావు. అలా తేలితే ఆ ఫారం చెల్లదు. ఫారం ఇవ్వనివాళ్లంతా బీమా కిందే లెక్క కాబట్టి చెల్లెమ్మ ఆపరేషన్ ఖర్చు వాళ్లే పెట్టుకుంటారు. ఈ నెల దాటకుండా కోయాలని, దాటితే ఇక కోయనక్కర్లేదని డాక్టరు అన్నాడని రాశావు. ఆ వాక్యం కింద గీత కూడా గీశావు. గీత గీయకపోయినా నాకు అర్థమయ్యేది.

సంతకం నేనే పెట్టాను, కాదనను. పద్దెనిమిదేళ్లుగా మనం చేస్తున్న పనే కదా. నువ్వు పాపని బడిలో దింపి పది నిమిషాలు ఆలస్యంగా వచ్చేవాడివి, నాకు బస్సు తప్పేది. ఎవడు ముందొస్తే వాడు హాజరు పుస్తకంలో ఇద్దరికీ సంతకం పెట్టేవాడు. నీకు రాతపని అంటే ఒళ్లు మంట కాబట్టి రోజువారీ ఉత్పత్తి స్లిప్పులన్నీ నీ అక్షరాల్లాగే వంకరగా నేనే రాసేవాణ్ణి. గేటు దగ్గర కాపలావాడికీ తెలుసు, నవ్వి ఊరుకునేవాడు. ఇన్నేళ్లూ అది నీకు నేరంగా కనిపించలేదు. నీ అవసరానికి ఇప్పుడు నేరమైంది.

ఆ ఫారాలు వచ్చిన రోజు నువ్వు జ్వరమొచ్చి ఇంట్లో పడుకున్నావు. సాయంత్రం లోపు ఇచ్చేయాలన్నారు. అందులో రెండే గడులు. మొదటి దాంట్లో టిక్కు పెడితే కుటుంబం మొత్తానికి కంపెనీ బీమా కడుతుంది, జీతం పెరగదు. రెండో దాంట్లో పెడితే బీమా ఉండదు, నెలనెలా చేతికి కాస్త ఎక్కువొస్తుంది. నీకు ఫోన్ చేశాను. నీ ఇష్టం వచ్చింది పెట్టరా అన్నావు, పెట్టాను. ఇప్పుడేమో మొదటి గడి అని స్పష్టంగా చెప్పానంటున్నావు. చెల్లెమ్మ ముందు రోజే బీమా తీసుకోమని పోరిందనీ, సరేనని ఆవిడకి మాటిచ్చావనీ అంటున్నావు. మీ ఆలుమగల మాటలు నాకెలా తెలుస్తాయి? ఎనిమిది నెలల కిందటి ఫోన్ మాటకి సాక్షి ఎవడు?

పైగా ఆ పెరిగిన జీతం ఎనిమిది నెలలు తీసుకున్నావు. పాపకి సైకిలు కొన్నావు, ఇంటికి రంగు వేయించావు. ఏటా వచ్చే పెంపు అనుకున్నానని రాశావు. నువ్వు ఏమనుకుంటే ఆఫీసుకేమిటి? మేనేజరు ముందు ఈ మాటంటే నవ్విపోతాడు.

నా సంగతి కూడా ఆలోచించు. ఒకడి సంతకం ఇంకొకడు పెట్టాడని తెలిస్తే ఆ రోజే గేటు బయటకి గెంటేస్తారు, ఫోర్‌మన్ అని కూడా చూడరు. ఈ కుర్చీలో కూర్చుని ఆరు నెలలే అయింది. పదహారేళ్ల వయసు నుంచి నిలబడి పనిచేసినవాణ్ణి, కూర్చుని అన్నం తినడం ఇప్పుడిప్పుడే అలవాటవుతోంది. మా పెద్దవాడి చదువు ఇంకా రెండేళ్లుంది. నీ భార్య కోసం నా ఇల్లు వీధిన పడాలా? నువ్వు నా చోట ఉంటే వెళ్తానంటావు. నిజంగా వెళ్తావు కూడా, నాకు తెలుసు. నీకు బుర్ర తక్కువని మొదటి నుంచీ చెబుతూనే ఉన్నాను.

చెల్లెమ్మ గుర్తు రాలేదనుకోకు. నీ క్యారియరులో నాకోసం వేరే గిన్నె పెట్టి పంపేది. కూర బాగుందో లేదో అన్నయ్యని అడిగి రమ్మనేది, నువ్వు అడగడం మర్చిపోతే ఇంటికెళ్లాక చీవాట్లు తినేవాడివి. శనివారం నీ ఉత్తరం చదివి ఆ గిన్నె తలుచుకుని ఏడ్చాను. మా ఆవిడ కంగారుపడి మంచినీళ్లు తెచ్చింది. ఏడ్చి, మొహం కడుక్కుని, చల్లగా ఆలోచించాను. శుక్రవారం నేను ఆఫీసులోకి వెళ్లను. వాళ్లే పిలిపిస్తే ఆ సంతకం నీదేనని చెబుతాను.

సెక్షన్‌లో డబ్బా తిప్పాం. వచ్చినదాంతో పళ్లూ, ఒక దుప్పటీ కొని పార్సిల్ చేశాం. దుప్పటి రంగు నేనే చూసి తీసుకున్నాను. చెల్లెమ్మకి ధైర్యం చెప్పు. మగాడివి, నువ్వే ఇలా బెంబేలెత్తితే ఆవిడ ఏమైపోతుంది? పాపని అడిగానని చెప్పు.

నీ మేలు కోరే
పొట్టి

తా.క. కవరు అంటించబోయి ఆగాను. నీతో ఇన్నేళ్లు తిరిగి చివరికి అబద్ధం రాసి పంపడం ఎందుకో మనసొప్పలేదు.

నువ్వు మొదటి గడే చెప్పావు. రెండుసార్లు చెప్పావు. మన సెక్షన్‌లో పన్నెండుమందీ రెండో గడి పెడితే నన్ను ఫోర్‌మన్ చేస్తానని మేనేజరు మాటిచ్చాడు. బీమా కట్టడం కన్నా ఆ నాలుగు డబ్బులు చేతిలో పెట్టడమే వాళ్లకి చవక. పదిమందికి టీలు తాగించి ఒప్పించాను, పదకొండోవాణ్ణి నేను. నువ్వు ఒప్పుకోవని తెలుసు కాబట్టి నిన్ను అడగలేదు. నాకు పోయిందేమీ లేదు, ఫోర్‌మన్‌కి స్టాఫ్ బీమా విడిగా ఉంటుంది. పోయిన నెల మా ఆవిడ మోకాలు దాంతోనే బాగుచేయించాను. జీతమెందుకు పెరిగిందిరా అని నువ్వడిగితే ఏటా వచ్చేదే అన్నదీ, బీమా కార్డేదంటే ఆసుపత్రిలో పడ్డప్పుడు ఆఫీసువాళ్లే ఇస్తారు అన్నదీ నేనే. నువ్వు నమ్మావు.

శుక్రవారం కోసం ఎదురుచూడకు, విచారణ లేదు. నిన్న పొద్దున నీ పేరు మీద ఆఫీసులో ఒక అర్జీ ఇచ్చాను. ‘బీమా తీసుకోమని నా భార్య పోరినా, చేతికి డబ్బు ఎక్కువొస్తుందని నేనే రెండో గడి పెట్టాను. ఆవిడ దగ్గర దాచాను. ఇప్పుడు భయపడి నా స్నేహితుడి మీద నింద వేశాను. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నాను.’ ఇంతే రాశాను. మేనేజరు చదివి అక్కడికక్కడే ముద్ర కొట్టాడు.

ఈ ఉత్తరం పట్టుకెళ్లి వాళ్ల ముందు పెట్టాలని నీకు తోస్తుంది. పెట్టు. ఇది ఎవరి అక్షరాలతో ఉందో మొదటి వాక్యానికే నువ్వు చూసుకునే ఉంటావు.

ఫిర్యాదు మీద ఇద్దరి సంతకాలూ ఉన్నాయి కాబట్టి అర్జీ కాపీ ఒకటి చెల్లెమ్మ పేరున ఆసుపత్రికి నిన్ననే పోస్టు చేశారు. నువ్వు ఇది చదివేసరికి ఆవిడ దాన్ని చదివేసి ఉంటుంది. నీ చేతిరాత ఆవిడకి బాగా తెలుసు.