పెనం మీద పొంగని పొడి

ఆదోని,
శుక్రవారం.

చెల్లెలు అఫ్సానాకు అన్న ఖలీల్ సలాం చెప్పి రాసేది. ఇక్కడ అమ్మా, నేనూ ప్రాణాలతో ఉన్నాం. నువ్వు రెండు ముద్దలైనా తింటున్నావని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. అమ్మ గొంతు వినాల్సి వస్తుందనే ఫోను ఎత్తడం లేదని రాశావు. ఆ మాట ఆమెకు చదివి వినిపించలేదు. నువ్వు అడగకపోయినా చెబుతున్నాను, ఆమె మోకాళ్ల నొప్పి అట్లాగే ఉంది.

"అమ్మ మనందరి నోళ్లలో వెలిగారం పూసే పెంచింది కదా, నా తన్వీర్‌కే ఎందుకు విషమైంది? కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవాడివి, నువ్వే చెప్పు" అని అడిగావు.

చెబుతాను. వెలిగారం, అంటే బోరాక్స్, బోరాన్ సమ్మేళనమే. కొన్ని బోరాన్ సమ్మేళనాలకు ఎలక్ట్రాన్ల కొరత ఉంటుంది. బోరాన్ చుట్టూ ఎనిమిది ఉండాల్సిన చోట ఆరే ఉంటాయి. ఆ లోటు తీర్చుకోవడానికి అవి పక్కవాటి ఎలక్ట్రాన్ల జంటను పట్టుకుంటాయి. బోరిక్ ఆమ్లం అట్లాంటిదే. ఇరవై ఏళ్లుగా బోర్డు మీద ఇదే రాస్తున్నాను. అది కడుపులోకి పోతే పసివాడి ఒళ్లు ఎర్రగా కమిలి పొరలుపొరలుగా ఊడుతుందని మాత్రం నాకే తెలియదు.

అఫ్సానా, మనం పెట్టింది వెలిగారం కాదు.

నలభై రోజుల బిడ్డకు నోరు పూసిందని అమ్మ నన్ను అంగడికి పొమ్మంది. నువ్వు లోపల నిద్రపోతున్నావు. "అంగట్లోది మురికిదమ్మా. మా ల్యాబులో తెల్లటిది ఉండాది, రెండూ ఒకటే" అని బోరిక్ ఆమ్లం సీసా తెచ్చిచ్చాను. రెండూ ఒకటి కావు. అసలు వెలిగారమైనా పసివాళ్లకు పెట్టకూడదని డాక్టరు తర్వాత చెప్పాడు.

అమ్మ దాన్ని పెనం మీద వేసి నన్ను పిలిచింది.

"ఇది పొంగల్యాదు సూడప్పా. కరిగి అంటుకుంటాంది. ఎలిగారమైతే పేలాల మాదిరి పొంగల్ల. నాకు దిగులైతాంది."

"నాకే కెమిస్ట్రీ నేర్పిస్తావా అమ్మా?" అని నవ్వాను. ఆమె కూడా నవ్వి, తేనెలో కలిపింది. ఐదు రోజులు పూటపూటకూ పెట్టింది.

ఆసుపత్రిలో అడిగితే "అంగట్లో తెచ్చినా" అని అమ్మే అబద్ధం చెప్పింది. బయటికి వచ్చాక ఎందుకని అడిగాను.

"దానికి బిడ్డ పోయినాడు. అన్న గుడక పోవల్లనా? నన్నే తిట్టుకోనీలే" అంది.

నేను ఊరుకున్నాను. మూడు నెలలుగా నువ్వు ఆమెను తిడుతూ రాస్తుంటే చదివి ఊరుకున్నాను. ఇంతకంటే పిరికితనం ఉండదు.

రేపు పొద్దున ఆమెను మీ ఎమ్మిగనూరు బస్సు ఎక్కిస్తాను. ఈ ఉత్తరం ఆమె చేతికే ఇచ్చి పంపుతున్నాను. చదువు రాదు కనుక ఇందులో ఏముందో ఆమెకు తెలియదు. నువ్వు చదువుతున్నంతసేపూ గడప బయటే నిలబడి ఉంటుంది. ఇక ఆమెను లోపలికి పిలువమ్మా. నేను వెంట రావడం లేదు.

ఇట్లు,
తన్వీర్ మేనమామ,
ఖలీల్.