పళ్లెంలో ఆఖరి ముక్క

నాయనా థేరోన్,

మన ద్వీపం నుంచి మీ అమ్మ ఫిలిన్నా రాస్తున్న పలక ఇది. సముద్రం నిన్ను చల్లగా చూడాలి. ఇక్కడ నేనూ, మేకలూ, మీ నాన్న సమాధీ అందరం క్షేమం.

ఎండుచేపల సిమోస్ పడవలోంచి ఒక పెద్దమనిషి దిగి మన గడప మీద కూర్చున్నాడు. మీ యుద్ధపు తీరం నుంచి వచ్చాడట. సిమోస్‌కి అంతకన్నా తెలీదు. కాళ్లు కడిగి రొట్టె, జున్ను, మాంసం పెట్టాను. అతిథి తిని ముగించేదాకా పేరు అడక్కూడదాయె. అడిగితే అతిథుల్ని కాచే దేవుడు ఇంటి మీద పిడుగేస్తాడు. ఈయన తింటాడు, తింటాడు, ఒక్క ముక్క వదిలి పడుకుంటాడు. తెల్లారి మళ్లీ ఆ పళ్లెం దగ్గరే మొదలు.

నాకర్థమైంది నాయనా. నీ చావు కబురు తెచ్చాడు, చెప్పడానికి నోరు రావట్లేదు. అందుకే నేనూ పళ్లెం ఖాళీ కానివ్వకుండా వడ్డిస్తున్నాను. ఆయన భోజనం సాగినంతకాలం నువ్వు బతికున్నట్టే.

బతికుంటే జవాబు రాయి. లేకపోతే ఎవరిచేతనైనా రాయించు.

నిద్రలేని మీ అమ్మ

తా.క.: నీ మచ్చల మేకను కోసేశాను. బతికుంటే కోప్పడకు.

*

అమ్మకు థేరోన్ నమస్కారాలు.

బతికే ఉన్నాను. ఈ అక్షరాలు చూడు, ఇంత వంకరగా ఇంకెవరూ రాయరు.

ఇక్కడ సంగతి బాగాలేదు. మహారాజు సభలో, మాట్లాడేవాడు పట్టుకునే రాజదండం పట్టుకుని ప్రమాణం చేశారు. అమావాస్య వెళ్లగానే నగర ద్వారం మీద దాడి, ముందు వరసలో మన ద్వీపంవాళ్లు, వాళ్లకన్నా ముందు తాను. "మీ ప్రాణం కన్నా ముందు నా ప్రాణం" అన్నారు. ఆ ఒక్క మాట నమ్మి మనవాళ్లు నిలబడ్డారు. ఆ మర్నాడే ఆయనకి జ్వరం. డేరాలోంచి బయటికి రావట్లేదు. డేరా లోపలి కాపలా నాదే.

నీ అతిథి శత్రువుల వేగులవాడో, మా దగ్గర్నుంచి పారిపోయినవాడో. పారిపోయినవాణ్ణి ఇక్కడ రాళ్లతో కొట్టి చంపుతారు. వెంటనే పేరు అడుగు.

నీ కొడుకు థేరోన్

తా.క.: మచ్చల మేకనా?

*

నాయనా థేరోన్,

నీ వంకర అక్షరాలు చూసి ఏడ్చాను. తర్వాత దాడి సంగతి చదివి మళ్లీ ఏడ్చాను. ముందు వరస ఎందుకురా? "మా అమ్మ ఒక్కతే, నన్ను వెనక వరసలో పెట్టండి" అని రాజుగారితో చెప్పు. ఆయన్నీ ఒక అమ్మే కన్నది కదా.

పేరు ఎలా అడగను? ఆ ముక్క అలాగే ఉంది. మనిషి మాత్రం వింతగా ఉన్నాడు. గడ్డం ఎవరో కంగారులో గొరిగినట్టుంది. వడ్డించకముందే పెద్దల వాటా అయిన వీపు మాంసం తన వైపు లాక్కుంటాడు. నా గరిటె పట్టుకుని నిలబడి మాట్లాడతాడు. నేను నోరు తెరిస్తే, "ముసలమ్మా, గరిటె ఎవరి చేతిలో ఉంటే మాట వాళ్లది" అంటాడు. నిన్న మేకల్ని వరసలుగా నిలబెట్టి, బక్కవాటిని ముందుకు తోశాడు. తను గోడ వెనక నిలబడ్డాడు.

వేగులవాడైతే నా గొంతు పిసుకుతాడా? పిసికేముందు చెబుతాడా?

భయంతో మీ అమ్మ

తా.క.: గరిటె లేక పులుసు చేత్తో కలుపుతున్నాను. చెయ్యి కాలింది.

*

అమ్మా,

పేరు అడగొద్దు. ముందు రాసింది మరిచిపో. పెడుతూనే ఉండు, ఆ ముక్క తిననివ్వకు. ఆయన గురించి ఊళ్లో ఎవరితోనూ అనకు. పలకలు నాలుగు చేతులు మారతాయి, ఇంతకన్నా రాయలేను. ఆ పేరు ఈ తీరంలో వినబడిందంటే సైన్యం చెల్లాచెదురవుతుంది. గోడల మీద శత్రువులు దానికోసమే కాచుకున్నారు.

మహారాజుకి జ్వరం తగ్గలేదు. గొంతు మారింది. శిరస్త్రాణం తియ్యకుండానే ఆజ్ఞలిస్తున్నారు.

థేరోన్

తా.క.: కంచు శిరస్త్రాణం ఒరుసుకుని చెవుల వెనక పొక్కులొస్తే నువ్వు రాసే మందేమిటి? మహారాజు కోసం అడుగుతున్నాను.

*

నాయనా థేరోన్,

నీ పలక ఆలస్యంగా వచ్చింది. నేను తేనె అప్పాలు చేశాను, అదే తప్పయింది. ఆయన మైమరచి పళ్లెం తుడిచేశాడు. తుడిచాక ఇద్దరం ఖాళీ పళ్లెం వంక చూశాం. ఇక అడక్కపోతే అదో తప్పు. అడిగాను.

చెప్పాడు. అతిథి పేరు బయటపెట్టకూడదు కాబట్టి నీకు కూడా రాయను. "సైన్యంలో పిల్లలందరి ముందు ప్రమాణం చేశానమ్మా. తర్వాత ఆ ద్వారం చూశాను" అని పిల్లాడిలా ఏడ్చాడు. అప్పుడు గరిటె నేను తీసుకున్నాను.

"నీ మాట నమ్మి నా కొడుకు ముందు వరసలో నిలబడ్డాడు. నువ్వు నా ఇంట్లో వాడి మేక తింటున్నావు" అన్నాను. గరిటె నా చేతిలో ఉంది, ఆయన నోరెత్తలేదు.

సాగనంపేటప్పుడు ఇచ్చిన కానుక అతిథి కాదనకూడదు కదా. మీ నాన్న కంబళి కప్పి, మీ తీరానికి వచ్చే సిమోస్ పడవలో చోటు ఇచ్చాను. భద్రమైన చోటికి పంపమన్నాడు. నా కొడుకు కాపలా ఉన్న చోటికన్నా భద్రమైనది నాకు తెలీదు. మంచి చేశానో, నీ గొంతు కోశానో.

మీ అమ్మ

తా.క.: పొక్కులకి ఆలివ్ నూనెలో మైనం కరిగించి రాయి. కానీ మహారాజు చెవులు శుభ్రంగానే ఉన్నాయి, నేను చూశాను.

*

అమ్మకు థేరోన్ సాష్టాంగ నమస్కారాలు.

నీ అతిథి ఒడ్డున దిగి "నేనే మీ రాజుని" అన్నాడు. గొరిగిన గడ్డం, నాన్న కంబళి. సైనికులు పడీపడీ నవ్వారు. "రాజు డేరాలో ఉన్నాడు తాతా, నువ్వు ఏ వంటశాల రాజువి?" అని ఈడ్చుకుంటూ డేరాలోకి తోశారు.

లోపల ఆ శిరస్త్రాణంలో కూర్చున్నది నేనే అమ్మా. ఆయన పారిపోయిన నాటినుంచీ నేనే. చెబితే సైన్యం నిలిచేది కాదు, చెప్పకపోతే దాడి ఆగేది కాదు. ప్రమాణం చేసిన చెయ్యే దాన్ని విడిపించాలి, ఆ చెయ్యి నా దగ్గర లేదు.

బయట కాపలావాళ్లు వింటున్నారు. ఆయన ఒక్కమాట అంటే రాళ్లు నా మీద, నేను ఒక్కమాట అంటే రాళ్లు ఆయన మీద. నాకు నువ్వు గుర్తొచ్చావు. మాంసం పళ్లెం ముందు పెట్టాను. ఆయన వీపు మాంసం తన వైపు లాక్కున్నాడు. తిన్నాడు. ఒక్క ముక్క వదిలాడు. ఇక నేను పేరు అడగనక్కర్లేదు, ఆయన చెప్పనక్కర్లేదు.

మర్నాడు డేరా తెర సందులోంచి రాజముద్రికతో ఒక చెయ్యి బయటికొచ్చి రాజదండం పట్టుకుని ప్రమాణం విడిపించి, దాడి లేదు, ఇళ్లకు పదండి అంది. చెయ్యి ఆయనది, గొంతు నాది. ఓడలన్నీ నీళ్లలోకి దిగాయి. ఈ పలక వెనకాలే వస్తున్నాం.

నీ కొడుకు థేరోన్

తా.క.: జ్వరమొచ్చాకే మహారాజుకి బుద్ధొచ్చిందని సైన్యమంతా అనుకుంటోంది. నీ అతిథి మా ఓడలో తెడ్డు వేస్తున్నాడు, ఇప్పుడు ముందు వరసలోనే. ఆ ముక్క మన ఇంటికొచ్చి తింటాడట. అప్పుడు పేరు అడగమన్నాడు. ఈసారి వేరే పేరు చెబుతాడట.