చివరి బెంచీలో ఎత్తిన చెయ్యి

లాస్ ఏంజెలిస్,
మే నెల, 1974.

మెంఫిస్‌లో ఉన్న మా అమ్మకు,

ఆర్డీలియా నమస్కారాలు. దేవుడి దయవల్ల ఇక్కడ ఒళ్ళు క్షేమమే, కడుపే మండుతోంది. ఎందుకో చెబుతాను. నీ మోకాళ్ళ నొప్పి తగ్గిందని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. అంత ఉత్తరంలో నా సంగతి అడిగింది ఒక్క ముక్క. మిగతాదంతా తమ్ముడి గోలే. రాయిస్ వేళకు తింటున్నాడా అన్నావు. నీ ముద్దుల కొడుక్కేం, దుక్కలా ఉన్నాడు. మొన్న ఆదివారం మా ఇంటికొచ్చాడు. నీ పద్ధతిలోనే ఆకుకూర ఉడికించి, మొక్కజొన్న రొట్టె చేశాను. మూకుడు ఖాళీ చేసి, మూతి తుడుచుకుని, "అంతా బాగుంది గాని అక్కా, అమ్మ చేతి రుచి మాత్రం రాలేదే" అన్నాడు. గరిటెతో ఒక్కటివ్వాలనిపించింది.

"మీ వాడు పాడడు, వాయించడు, మరి ప్రొడ్యూసరంటే చేసే పనేమిటి?" అని చర్చిలో ఆడవాళ్ళు అడుగుతున్నారని రాశావు. నేను చెబుతా విను. పాట రాసేది ఒకరు, వాయించేది ఇంకొకరు, గొంతు చించుకునేది వేరొకరు. వీడు అద్దం వెనక కూర్చుని "ఇంకోసారి" అంటాడు. అదీ పని. స్టూడియోలో మైకుల తీగలు చుట్టిపెట్టే ఉద్యోగంతో మొదలుపెట్టాడు, ఇవాళ పెద్ద పెద్ద గాయకులు వాడు "ఊ" అంటే తప్ప ఇంటికి కదలరు. సొంత రికార్డుల కంపెనీ, గోడ నిండా బహుమతులు, అవి చాలక ఇప్పుడు సినిమాలు. నేనేమో ఆ గాయకుల వెనక నిలబడి "ఊఁ... ఆఁ..." అనేదాన్నే. పెరటి చెట్టు మందుకు పనికిరాదు కదా! కుళ్ళుకుంటున్నానంటావేమో. అవును, కుళ్ళే. నీ దగ్గర దాచడమెందుకు?

ఈ కొత్త సినిమా చివర్లో, కొడుకుని జైలుకు పంపి ఇంటికొచ్చిన తల్లి పాడే పాట ఒకటుంది. క్లాడీన్ వాన్స్ పాడాలి. ఆవిడ ఎంత పేరున్న మనిషో నీకూ తెలుసు. అలాంటివాళ్ళు విని నేర్చుకోవడానికి ముందుగా నాబోటివాళ్ళ చేత పాడించి పెడతారు. దాన్ని గైడు అంటారు. పెద్దావిడ పాడేశాక గైడు చెరిపేస్తారు. రాయిస్ తీసిన రికార్డులన్నిటికీ గైడు పాడింది నేనే. నేనెక్కడ ఊపిరి తీస్తే వాళ్ళూ అక్కడే తీస్తారు. చప్పట్లు మాత్రం వాళ్ళకి.

క్లాడీన్ వచ్చింది, పాడింది. బాగానే పాడింది, అబద్ధమెందుకు. ఆ మధ్యాహ్నం ప్రివ్యూ హాల్లో రాయిస్ బొమ్మతో కలిపి రెండూ వేయించాడు, ముందు ఆవిడది, తరవాత నా గైడు. ఆవిడ ముందు వరసలో దర్జాగా కాలు మీద కాలేసుకుంది. వీడు పోయి చివరి వరసలో కూర్చున్నాడు.

గుర్తుందా అమ్మా? చిన్నప్పుడు వాడి అపస్వరాలు భరించలేక నువ్వు నడిపే చర్చి పాటల బృందంలోంచి తీసేసి, "పోయి చివరి బెంచీలో కూర్చో. పాటలో మాట అక్కడిదాకా అందితే చెయ్యెత్తు" అన్నావు. వాడు నేర్చిన విద్య అంతా అదే.

క్లాడీన్ పాట అయింది. చెయ్యి లేవలేదు. నాది అయింది. లేచింది.

"ఓహో, మీ అక్క కాబట్టేనా?" అంది క్లాడీన్ వెనక్కి తిరిగి.

"అక్కని చూసుకునేవాణ్ణయితే ఇన్నాళ్ళూ చెరిపేవాణ్ణా తల్లీ? ఆవిడ మాట ఇక్కడిదాకా వచ్చింది, నీది రాలేదు" అన్నాడు. ఆవిడ విసురుగా బ్యాగు తీసుకుని వెళ్ళిపోయింది.

అలా నా గొంతు ఉండిపోయింది. తెర మీద నా పేరు కూడా వేస్తాడట. సంతోషించాలి కదా! బాత్‌రూమ్‌లోకి పోయి ఏడ్చాను. ఇన్నేళ్ళొచ్చినా నా గొంతు సంగతి తేల్చడానికి వాడి చెయ్యే లేవాలా? చర్చిలో నేను పాడి దిగగానే నువ్వు నా మొహం ఏనాడైనా చూశావా? నా తల మీదుగా చివరి బెంచీ వంక చూసేదానివి. అక్కడ చెయ్యి లేస్తేనే ఇక్కడ నువ్వు నవ్వేదానివి.

ఇక అసలు సంగతి. ఈ పాట విషయం నీకు చెప్పనని వాడికి మాటిచ్చాను. వచ్చే నెల మన ఊళ్ళో మొదటి ఆట వేస్తున్నారు. నిన్ను ముందు వరసలో కూర్చోబెట్టి, పాట మొదలవగానే నీ చెవిలో "అది అక్క గొంతే అమ్మా" అని తనే చెప్పాలట. చిన్నపిల్లాడిలా రోజూ అదే ముచ్చట. నా గొంతు సంగతి కూడా నువ్వు వాడి నోటే వినాలా? ఆ ముచ్చట వాడికి దక్కనివ్వకూడదనే ఈ ఉత్తరం. పాపమైతే అయింది, నేనే మోస్తాను.

ఆ రోజు నేనూ వస్తున్నాను. వాడెంత బతిమాలినా ముందు వరసలో కూర్చోకు. మోకాళ్ళ వంక పెట్టి, తలుపు దగ్గర చివరి సీటు అడుగు. నేను తెర పక్కన నిలబడతాను. పాట అయ్యాక వాడి వంక చూడకు. మాట నీదాకా అందితే, ఈసారి చెయ్యి నువ్వెత్తు.

అందకపోతే ఎత్తొద్దు, నేనేమీ అనుకోను అని రాయబోయాను. అది అబద్ధం.

ఇట్లు,
వాడికంటే ముందు పుట్టిన నీ కూతురు,
ఆర్డీలియా