మా సందుకు నా లుంగీలన్నీ

మాండలే ఊరిలో నేతగాళ్ళ సందులో కాపురముంటున్న డా లా యిన్ న్వే అను నేను, మతి స్థిరంగా ఉండి, ఎవరి ఒత్తిడీ లేకుండా, స్వదస్తూరీతో రాసుకున్న వీలునామా ఇది. మతి చెడింది నాకు కాదు, ఫిబ్రవరిలో తుపాకులు చూపి దేశాన్ని లాక్కున్నవాళ్ళకి. మన బర్మా బౌద్ధులు వీలునామా రాస్తే చెల్లదని పక్కింటి మాస్టారు ఊ థార్ ఖిన్ గొణుగుతున్నారు. కోట్లమంది ఓటే చెల్లలేదు, ఇంకేం చెల్లుతుందట! రాస్తున్నాను.

1. నా కూతురు ఏయింద్రా సర్కారు ఆసుపత్రిలో నర్సు. సైన్యం కింద పనిచెయ్యనని సమ్మెలో దిగింది. ఈ పొద్దున దాన్ని పట్టుకెళ్ళడానికి వస్తున్నారని కబురు. ఇల్లు, మగ్గం, ముఖానికి పూసుకునే తనకా చెక్క అరగదీసే మా అమ్మ రాయి సర్వహక్కులతో దానికే చెందవలెను. పారిపోతూ రాయి మొయ్యకే తల్లీ, తిరిగొచ్చాక తీసుకో.

2. నా లుంగీలన్నీ, పెళ్ళినాటి పట్టుదానితో సహా, మా సందుకు రాసిచ్చేశాను. ఇప్పటికే వీధికి అడ్డంగా తాళ్ళమీద ఎగురుతున్నాయి. ఆడదాని లుంగీ కింద నడిస్తే మగాడి తేజస్సు పోతుందట! పుట్టినప్పట్నుంచీ మమ్మల్ని అణిచిన మాట ఇన్నాళ్ళకి మాకే పనికొచ్చింది. అబ్బ, చూడ్డానికి ఎంత బాగుందో!

3. ఎదురింటి డా ఓన్ చీకి నా సొట్టల గిన్నె. సైన్యం పీడ వదలాలని నేను వాయిస్తుంటే "చెవులు పగిలిపోతున్నాయి, ఆపవమ్మా మహాతల్లీ!" అని కసిరింది. ఇకమీదట తనే వాయించవలెను.

4. నా తమ్ముడు, సైన్యంలో సార్జెంటు చో జిన్‌కి చిల్లిగవ్వ కూడా చెందదు. నేను బట్టలారేసిన దండెం కిందనుంచి ఏనాడూ రాని ఘనుడు. "నా పరువు తియ్యకే అక్కా" అంటూ పెరడంతా చుట్టి వచ్చేవాడు. ఆకలని వస్తే మాత్రం వాడికి అన్నం పెట్టండి.

5. నవంబరులో నేను వేసిన ఓటు నా స్వార్జితం. ప్రస్తుతం దొంగల చేతిలో ఉన్నది. దాన్ని రాబట్టే బాధ్యత ఊ థార్ ఖిన్ మాస్టారిది. వచ్చాక ఏయింద్రాకి, దాని తర్వాత దాని పిల్లలకి. ఎవరూ అమ్మరాదు, తాకట్టు పెట్టరాదు.

2021 మార్చి 7, ఆదివారం, పొద్దున. సందు మొదట్లో సైన్యం లారీ ఆగింది. జవాన్లందరూ తలలెత్తి లుంగీలకేసి చూస్తున్నారు, ఒక్కడూ అడుగు ముందుకెయ్యడం లేదు! "ఒక్కొక్కటే విప్పండ్రా, నిదానంగా! ఎవడి తలకైనా తగిలిందో, చూడండి!" ఆ అరుపు మా తమ్ముడిదే. ఏయింద్రా వెనక గోడ దూకేసింది.

(సంతకం) డా లా యిన్ న్వే

సాక్షులు: ఊ థార్ ఖిన్, మా నిలార్