వర్వారా పేరు పండగ

నవంబర్ 21, 1943

పక్కింటి లెమోనియా అత్త మేనకోడలు లారిస్సా పట్నం నుంచి దిగింది. పేరు వర్వారా. నా ఈడే, పదకొండేళ్ళు. లెక్కలు చేసేటప్పుడు పెదాలు ఇంకేదో భాషలో కదుల్తాయి. ఏంటని అడిగితే పన్ను నొప్పట. పన్ను నొప్పికి ఏడో ఎక్కం ఎవరు చదువుతారు?

నవంబర్ 28

వర్వారా వాళ్ళింటి కిటికీలోంచి ఓడలు కనిపించేవట. లారిస్సాలో సముద్రమా! నాన్న ఏటా అక్కడికెళ్ళి గాడిదల్ని కొంటాడు, ఓడ ఊసే ఎత్తలేదు. అమ్మని అడిగాను. నీకెందుకే ఆరాలు, క్సేనీ, నోర్మూసుకుని రొట్టె తిను అంది. అంటే అమ్మకి ఏదో తెలుసు.

డిసెంబర్ 4, మధ్యాహ్నం

ఇంటికి పరిగెత్తుకొచ్చి రాస్తున్నాను.

ఇవాళ సెయింట్ వర్వారా రోజు. ఆ పేరున్న వాళ్ళందరికీ పండగే. మా ఊళ్ళో దీనికి పిలుపులుండవు. తలుపు తీసి ఉంటుంది, వచ్చినవాళ్ళకి తీపి పెడతారు. అందరికంటే ముందు నేనే పోయాను. తలుపు మూసి ఉంది! తోసుకుని వెళ్తే వర్వారా చింపిరి జుట్టుతో బంగాళాదుంపలు చెక్కుతోంది. నూరేళ్ళు బతకాలే నువ్వు అన్నాను. దేనికంది. నీ పండగే కదే, మొద్దూ అన్నాను.

కత్తి కింద పెట్టి గుమ్మం వైపు చూసింది. అత్త పిండిమరకి పోయింది.

తన పండగ తనకి తెలియదంటే ఆ పేరు తనది కాదు. సలోనికాలో సముద్రం ఉంది. అక్కడి యూదులందరినీ జర్మన్లు రైళ్ళెక్కించారు. వాళ్ళని దాచినవాళ్ళని కాల్చేస్తామని కాఫీ కొట్టు గోడ మీద కాగితం ఉంది.

అంతలో సందులో అసిమినా పిన్ని గొంతు. ఆవిడ మొగుడు జర్మన్లకి దుబాసీ, ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. వెంట ఇంకో ఇద్దరు. నేను బయటికొచ్చి తలుపుకి అడ్డంగా నిలబడ్డాను. వర్వారా నాన్న పోయాడు పిన్నీ, పోయిన నెల, లారిస్సాలో, విషజ్వరం, ఉత్తరం నిన్ననే వచ్చింది, ఈ ఏడు పండగ లేదు అన్నాను. అయ్యో నా తల్లీ అంటూ శిలువ గుర్తు వేసుకుంది. చావింటి తలుపు తట్టి తీపి అడగరు కదా. వెళ్ళిపోయారు.

లోపలికెళ్తే వర్వారా నన్ను చెంప మీద కొట్టింది. రైలెక్కించినప్పుడు మా నాన్న బతికే ఉన్నాడు, చంపడానికి నువ్వెవరివే అంది.

డిసెంబర్ 6

వర్వారా నాతో మాట్లాడట్లేదు. ఈ పుస్తకాన్ని కోళ్ళ గంప కింద దాచాను.

డిసెంబర్ 10

చావింట నలుపే వేసుకోవాలని అత్త వర్వారా గౌనుకి నల్లరంగు వేసింది. అసిమినా పిన్ని, పోయినవాళ్ళ పేరున ఉడికించి పంచడానికి తన ఇంటి గోధుమలు తెచ్చి, నలభయ్యో రోజుకి గుడిలో ప్రార్థన చేయిద్దాం, పోయినాయన పేరు చెప్పమంది. అత్త నోటికొచ్చిన పేరు, థనాసిస్ అంది. వర్వారా నేల చూపులు చూస్తూ నిలబడింది. నాకు దాన్ని పట్టుకుని ఏడవాలనిపించింది.

డిసెంబర్ 19

గుడిలో ఫాదర్ గారు, థనాసిస్ ఆత్మకి శాంతి అని మూడుసార్లు చదివారు. ఊరంతా ఏడ్చింది. వర్వారా పదిహేను రోజుల తర్వాత నా చెవి దగ్గరికొచ్చింది. పాపం, ఆయనెవరో పోయాడు, మా నాన్న కాదు అంది.

మీ నాన్న పేరేంటని నోటిదాకా వచ్చింది. ఉడికిన గోధుమలతో పాటు మింగేశాను.