కాళ్లతో వాన పుట్టించే పక్షి

శ్రీహరికోట దీవి,
మార్గశిర మాసం.

మా అక్క చెంగమ్మ పాదాలకు తమ్ముడు మునస్వామి మొక్కి రాసుకున్నది. నేను ఇక్కడ బాగున్నాను. నువ్వు, బావ, నీ దగ్గరే ఉన్న నా పెళ్లాం గురవమ్మ, పసిది అంతా బాగున్నారని నమ్ముతున్నాను. బావ మోకాలి వాపు తగ్గిందా? పసిది అడుగులేస్తోందా? దాచకుండా రాయించు.

నీ ఉత్తరం అందింది. మన పక్క వాన పడిందని, రెడ్డిగారు నాలుగెకరాలు కౌలుకిస్తామన్నారని, వచ్చేయమని రాయించావు. రాకపోతే గురవమ్మను, బిడ్డను ఇక్కడికి పిలిపించుకోమన్నావు. దానికి జవాబు చివర్లో రాస్తాను. ముందు ఇక్కడ జరిగింది విను.

నాకు పని ఇచ్చిన పోలయ్య మామకు పడవలున్నాయి. ఇసుకలో ఎండబెట్టిన చేపలను పక్షులు ఎత్తుకుపోకుండా కాపలా కాయడం నా పని. జొన్నచేలో మంచె మీద పెరిగినవాణ్ణి, ఇదెంత పనిలే అనుకున్నాను. ఆ పక్షులు తెల్లగా, కాకికంటే కాస్త పెద్దవిగా ఉంటాయి. ఇక్కడివాళ్లు సముద్రపు కాకులంటారు. చలికాలం ఎక్కడినుంచో గుంపులుగా వచ్చి దిగుతాయి. మొదటిరోజు దిష్టిబొమ్మ నిలబెట్టాను. మూడోరోజుకు దాని నెత్తిమీదే కూర్చుని నన్ను చూస్తున్నాయి.

అక్కా, వాటి తిండి చూస్తే మతిపోయింది. పడవ వెంటబడి పారేసిన చేపల పేగులు తింటాయి. ఎండ్రకాయలు తింటాయి. పక్కపిట్ట నోట్లోది లాక్కుంటాయి. వాన వెలిసి ఉసిళ్లు లేస్తే గాల్లోనే అందుకుంటాయి. నేను పారేసిన మాడు సంగటి కూడా వదల్లేదు. అన్నిటికంటే వింత ఇంకొకటి. ఆ పిట్ట అల వెనక్కిపోయిన తడి ఇసుకలో నిలబడి, ఉన్నచోటే గబగబా కాళ్లు తొక్కుతుంది. చినుకులు పడ్డట్టు నేల అదురుతుంది. వాన అనుకుని లోపలి పురుగు పైకి రాగానే పొడుచుకు తింటుంది. మూడేండ్లు వాన కోసం మొగమెత్తి చూసినవాళ్లం మనం, ఈ పిట్ట కాళ్లతోనే వాన పుట్టిస్తోంది. ఆ పొద్దు నోరు తెరుచుకుని అలాగే నిలబడిపోయాను. ఈలోగా నా వెనక రెండు గంపల చేపలు పోయాయి.

పని ఊడుతుందన్న భయంతో మర్నాడు ఊరినుంచి తెచ్చుకున్న, చేలో పిట్టలను కొట్టే వడిసెల తీశాను. ఎండిన మట్టి ఉండ ఒకదాని రెక్కకు తగిలింది. అది కిందపడి, మళ్లీ లేచి కష్టంగా ఎగిరిపోయింది. మామ పరుగెత్తుకొచ్చి వడిసెల లాక్కున్నాడు.

"ఏందప్పా నువ్వు చేసిన పని? ఇది జొన్నచేను అనుకుంటివా?"

"చేపలు కాయమనే కదా మామా నన్ను పెట్టుకునింది."

"అవి సూపించకుంటే మేము వల యాడ ఎయ్యాల? రేపు నువ్వూ పడవెక్కు, సూద్దువు గానీ."

తెల్లవారగానే ఎక్కాను. పడవ ఊగుతుంటే తెలిసిన దేవుళ్లందరికీ మొక్కాను. చుట్టూ నీళ్లే. గుర్తుకు ఒక గుట్ట లేదు, చెట్టు లేదు. మామ నీళ్లవైపు చూడనే లేదు, ఆకాశంలో వెతికాడు. దూరంగా ఆ పక్షులు సుడి తిరుగుతూ ఒకేచోట దిగుతున్నాయి. అక్కడికే పోయి వల వేశారు. లాగేసరికి నా మోకాళ్ల దాకా చేపలు ఎగిరెగిరి పడ్డాయి. నేను కొట్టింది వీళ్లకు దారి చూపేవాటినా అని సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

మామ నన్ను తీసెయ్యలేదు. ఇప్పుడు పేగులు, తలలు ఏరి దూరంగా ఒక దిబ్బమీద నేనే పోస్తున్నాను. పక్షులు అటు పోతున్నాయి, మా చేపలు నిలుస్తున్నాయి. "నీకు బుర్ర ఉండాదబ్బా" అని మామ మెచ్చుకున్నాడు, ఉండడానికి గుడిసె ఇచ్చాడు.

ఇక నా జవాబు. కౌలు వద్దని రెడ్డిగారికి బావ చేత చెప్పించు. గురవమ్మను, బిడ్డను కాళహస్తిలో రైలెక్కించండి. సూళ్లూరుపేటకు నేనొచ్చి పడవలో తీసుకొస్తాను. చేపల వాసనకు తను ముక్కు మూసుకుంటుందని తెలుసు. మొదట్లో నేనూ వాంతి చేసుకున్నాను, ఇప్పుడు చేపల పులుసు లేనిదే ముద్ద దిగడం లేదు. వచ్చేటప్పుడు రాగిపిండి, చింతపండు, గుప్పెడు చిక్కుడు గింజలు పంపు. బావకు, ఊళ్లో పెద్దలకు నా దండాలు చెప్పు.

ఇంతవరకు ప్రతి ఉత్తరంలోనూ, వాన పడగానే వచ్చేస్తానని రాశాను. ఆ మాట పట్టుకునే గురవమ్మ నీ ఇంట్లో కూర్చుని ఉంది. ఇప్పుడు వాన పడింది, నేను రావడం లేదు. బావ ఈ ముక్క చదివి వినిపించేటప్పుడు నువ్వు గురవమ్మ పక్కన కూర్చో అక్కా.

నీ దీవెన కోరుకునే తమ్ముడు,
మునస్వామి